అతుకు కనిపించకూడదు

నాకు అన్నిటికన్నా భయం, అమ్మ సుత్తి చప్పుడు ఆగిపోవడం.

అమ్మ పేవర్ బ్లాకులు పరుస్తుంది. ఒకరింట్లో కారు నిలిపే చోటు చాలడం లేదని, పాత వాకిలికి కొత్త బ్లాకులు కలిపి గోడదాకా పెంచుతున్నాం. నా చంటిదాన్ని నీడలో పడుకోబెట్టి నేను వచ్చేసరికే, అమ్మ పాత చెప్పులు కోసి తాళ్లు కుట్టుకున్న మెత్తలు మోకాళ్లకు బిగించింది. అంచు సిమెంటు పగలగొట్టి, చివరి వరసలోని సగం ముక్కల్ని పెరుకుతోంది.

మేస్త్రి చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"పాతవెందుకు పీకుతున్నావు పెద్దమ్మా? పక్కన ఆనించి పరిచేస్తే పోలా?"

"అతుకు కనిపిస్తుంది. అతుకేయించుకోవాలంటే దర్జీని పిలుచుకో."

"డాక్టరు చెప్పాడటగా. ఇంట్లో కూర్చోరాదూ?"

"కూర్చునే కదయ్యా చేస్తున్నా!"

మేస్త్రి నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. నాకు నవ్వు రాలేదు. గుండె బలహీనమని డాక్టరు అన్నప్పుడు పక్కన ఉన్నది నేనే. అందుకే బ్లాకులన్నీ నేనే మోసి చేతికందిస్తున్నాను. రంగు వెలిసిన పాతవీ, ఎర్రటి కొత్తవీ కలిపి ఇమ్మంటుంది. ఇసుక మీద ఆనించి రబ్బరు సుత్తితో టక్ టక్‌మని దించుతుంది. మధ్యమధ్య ఎడమ భుజం రుద్దుకుంటుంది, నేను చూడడం లేదనుకుని.

"అమ్మా, ఇక చాలు. రేపు చేద్దాం."

"నీ పెళ్లి ముందురోజు కూడా పని మానలేదే నేను. ఇటివ్వు."

పొద్దు వాలేసరికి గోడవార ఒక్క వరస మిగిలింది. చంటిది లేచి ఏడ్చింది. పాలిస్తూనే చెవి అటు పెట్టాను. టక్. టక్. తర్వాత వినిపించలేదు.

పిల్లను చంకనేసుకుని పరుగెత్తాను. అమ్మ చెంప కొత్త బ్లాకుల మీద ఆని ఉంది. చెయ్యి ఇంకా సుత్తిని వదల్లేదు.

అమ్మ దినాలన్నీ అయ్యాక మేస్త్రి వచ్చి, "ఆ వరసకు వేరేవాళ్లని పెడతాలేమ్మా" అన్నాడు.

"మా అమ్మ పని మీద ఇంకో చెయ్యి పడితే ఊరుకోను" అన్నాను. నేనే వెళ్లి కూర్చున్నాను. చివరి బ్లాకు దించి లేచి చూస్తే, పాతది ఎక్కడ ఆగిందో, కొత్తది ఎక్కడ మొదలైందో నాకే దొరకలేదు.

ఇప్పుడు ఇదే నా పని. వద్దన్నవాళ్లందరికీ ఆమె మాటే చెబుతున్నాను, కూర్చునే కదా చేస్తున్నా అని. అమ్మ మెత్తలే కట్టుకుంటున్నాను. వాటిలో ఆమె మోకాళ్ల గుంటలు ఇంకా పూడలేదు.

మీ వీధిలో ఎక్కడైనా ఆ సుత్తి చప్పుడు ఉన్నట్టుండి ఆగితే, ఒక్కసారి బయటికొచ్చి చూడండి. గోడ నీడలో నా చంటిది కూడా ఉంటుంది.