కుప్పాయి ఇంటి మజ్జిగ

పాల క్యాను కడిగి బోర్లించానో లేదో, "అమ్మా, ఫారం ఈ పొద్దే పంపించాల" అంటూ మోనిష వచ్చి వంటింటి గడప మీద కూర్చుంది. తమిళనాడులో మా ఊరికి దగ్గరున్న ధర్మపురిలో బి.ఏ. రెండో సంవత్సరం చదువుతోంది నా కూతురు. ఊళ్లో తగవులు తగ్గించే విద్యార్థులకు ఒక సంస్థ ఇచ్చే గ్రాంటు కోసం రెండు నెలలుగా దాని ప్రాణం కొట్టుకుంటోంది.

తగవు మాదే. పోయిన ఏడాది, పక్క వీధిలో ఉండే నా స్నేహితురాలు కుప్పాయి వాళ్ల గొర్రెలు మా టమాటా తోటలో పడ్డాయి. మగవాళ్లు పోలీసు స్టేషన్ దాకా వెళ్లొచ్చారు. రెండు వీధులకూ మాటల్లేవు. మా వైపు మనసులు విరిగితే మొట్టమొదట ఆగేది పాలు తోడేసుకోవడానికి ఇచ్చే మజ్జిగ. "ఆ వీధి నుంచి చుక్క కూడా నా ఇంట్లోకి రాకూడదు" అని మా ఆయన మంజునాథ్ తీర్పు చెప్పేశాడు. రెండో వారమే మా పెరుగు బంకసాగింది. పాల సొసైటీ వరుసలో నా గొణుగుడు విన్న కుప్పాయి, మరునాడు టిఫిన్ డబ్బా మూతలో ఇంత మజ్జిగ తెచ్చి నా కొంగు కింద పెట్టింది. ఆ పెరుగు తిని ఆయన, "మన ఇంటి పెరుగు రుచే వేరు!" అన్నాడు. నవ్వాపుకోలేక పెరట్లోకి పరుగెత్తాను. అక్కడ ఏడుపూ వచ్చింది. నా స్నేహితురాలు ఇచ్చిన గరిటెడు మజ్జిగను నేను దొంగసొత్తులా దాచుకోవాలా?

రెండు వీధులోళ్లనూ కూర్చోబెట్టి మాట్లాడించాలని మోనిష మొదటి కూటం ఆదివారం పది గంటలకు పంచాయతీ ఆఫీసులో పెట్టింది. ఒక్కరూ రాలేదు. పిచ్చిపిల్ల, బ్యానరు చుట్టుకుని ఏడుస్తూ ఇంటికొచ్చింది. "పది గంటలకు ఏ ఆడది ఖాళీగా ఉంటుందే? పాల సొసైటీ కాడ పెట్టు. రెండు వీధులోళ్లూ నిలబడేది ఆడనే కదా" అన్నాను. అక్కడ మాటలు మొదలయ్యాయి. పోయిన నెల మా తోటకు కంచె రెండు వీధులూ కలిసే వేశాయి. "అంతా మా మోనిష తెలివి. వాళ్లమ్మకేం తెలుసు, పాలు పిండేది తప్ప!" అని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు.

ఇప్పుడు ఫారంలో, మోనిషతో కలిసి పనిచేసిన ఊరి మనిషి ఎవరో, ఏం చేశారో రాసి సంతకం పెట్టించాలట.

"అప్పా పేరు రాసేసినానమ్మా. అందరికీ తెలిసింది ఆయనే కదా" అంది తల వంచుకుని.

మనసు చివుక్కుమంది. ఆయన అప్పటికే తెల్లచొక్కా తొడుక్కుని, జేబులో పెన్ను పెట్టుకుని, పెరుగన్నం తింటున్నాడు.

"ఎన్ని కూటాలకు వచ్చినారు మీరు?" అని అడిగాను.

"రాకపోతే ఏం? నా కూతురు కదా!"

"ఆ సంస్థోళ్లు ఫోన్ చేసి, మీరేం చేసినారని అడిగితే?"

ఆయన మోనిష వైపు చూశాడు. అది నా వైపు చూసి, ఆయన పేరు కొట్టేసింది. "నువ్వు ఏం చేసినావని రాయాలమ్మా?"

చెబితే గ్రాంటు సంగతేమో గానీ, ఇల్లు రగులుతుందని నాకు తెలుసు. చెయ్యి తుడుచుకుని, ఆయన జేబులోంచి పెన్ను తీసుకుని, శివరంజని అని తమిళ అక్షరాల్లో సంతకం పెట్టాను.

"రాసుకో. గొడవైన రెండో వారం నుంచి కుప్పాయి ఇంటి మజ్జిగతోనే పాలు తోడేసినాను. మీ అప్పా అడిగి అడిగి తినేది ఆ పెరుగే."

ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. తర్వాత ఆ ముద్దనే నోట్లో పెట్టుకుని, కంచం నా వైపు జరిపాడు.

"ఇంకొంచెం వెయ్యి."