గుంపులో ఒక వాక్యం

మైకుకి మూడడుగుల దూరంలో, నేలమీద అతికించిన నల్ల టేపు గీతకి బొటనవేళ్ళు ఆనించి, గుంపత్త ఆ పొద్దుటికి నాలుగోసారి చచ్చిపోయింది. మొదటి చావు వంతెన కూలి, రెండోది బస్సు తలకిందులై, మూడోది మంటల్లో. నాలుగోది ఏమిటో తెరమీద సరిగా కనిపించలేదు కాబట్టి, ఏ చావుకైనా పనికొచ్చే కేక ఒకటి వేసి ఊరుకుంది.

డబ్బింగ్ థియేటర్లో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆమె పని అదే. హీరోకీ హీరోయిన్‌కీ వేరే గొంతులుంటాయి. వెనక పరుగెత్తే జనానికి, బజార్లో బేరమాడేవాళ్ళకి, ఆసుపత్రి బయట ఏడ్చేవాళ్ళకి గుంపత్తా, మరో ఏడుగురూ. గుంపుకి గొంతివ్వడం వల్లే ఆమెకా పేరు. ఎనిమిదిమందికీ ఒకటే మైకు. గోల ఎప్పుడు లేవాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేది వయసులో అందరికన్నా పెద్దదైన ఆమె చెయ్యి. ఎత్తితే కేకలు, దించితే మౌనం.

మనిషి పొట్టి. మెడ నరాలు ఉబ్బి కనిపిస్తాయి. మాట బొంగురు, అరుపు మాత్రం ఖంగుమంటుంది. బతికున్న రోజుల్లో టైలరు భర్త ప్రతి సినిమాకీ మొదటి ఆటకే తీసుకెళ్ళి, "అదిగో, ఆ కేక నీదే!" అని పక్కవాళ్ళకి కూడా వినపడేలా చెప్పేవాడు. ఒక్కసారీ సరిగ్గా చెప్పలేదు. ఆమె కూడా ఒక్కసారీ కాదనలేదు. ఇప్పుడు నర్సుగా చేసే కూతురు, గొంతులో కాయలు కట్టాయి, ఇక మానెయ్యమ్మా అని పోరుతోంది.

మానెయ్యకుండా ఈ సినిమా ఒప్పుకోవడానికి కారణం ఒకే ఒక్క వాక్యం. ఎగిరే వీరుడి సినిమాకి ఇది రెండో భాగం. చివర్లో ఊరంతా జేజేలు కొడుతుంటే, కూలిన గోడ పక్కన నిలబడ్డ ముసలమ్మ వీరుణ్ణి అడుగుతుంది: "లోకాన్ని నిలబెట్టావు, సరే నాయనా. నా ఇల్లెవరు నిలబెడతారు?" ఇన్నేళ్ళలో గుంపత్తకి దక్కిన మొదటి సొంత వాక్యం అది. వారం రోజులు వంటింట్లో, బస్సులో, స్నానం చేస్తూ చెప్పుకుంది. పొద్దున వచ్చి చూస్తే కాగితం మీద అది కొట్టేసి ఉంది.

మధ్యాహ్నం విరామంలో డబ్బింగ్ ఇన్‌ఛార్జిని నిలదీసింది. ఆమెకన్నా ఇరవై ఏళ్ళు చిన్నవాడు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి.

"ఇది సినిమానా అత్తా? కలగూరగంప! ముగ్గురు విలన్లు, తండ్రి ఆత్మ, మాట్లాడే కుక్క, మధ్యలో ఎన్నికలొకటి. చూసేవాడికి తల తిరిగిపోతుంది. మొదటి భాగం ఎంత శుభ్రంగా ఉంది! అందుకే ఆ ముసలమ్మ మాటమీద జేజేలు, సంగీతం పోసేస్తున్నాం. పెదాలు కదిలినా ఎవరూ పట్టించుకోరు."

"కుక్కని తీసెయ్యండి బాబూ, నేనేమీ అనను. మొదటి భాగంలో వాడికి ఎగరడం వచ్చింది, అంతేగా కథ? వాడు ఎగిరితే కింద ఏం కూలిందో చెప్పడానికేగా రెండోది తీశారు! ఆ సంగతి అడిగేది ఈ ముసలమ్మొక్కతే. ఆమె నోరు నొక్కేస్తే ఇక మిగిలేది కుక్కే."

"అంత లోతుగా ఎవరు చూస్తారత్తా?"

"నేను చూశాగా."

ఆయన నవ్వేసి గడియారం చూసుకున్నాడు. సినిమాలో అతి ఉంది, కాదనడానికి లేదు. కానీ అతి తగ్గించాలనుకున్న ప్రతివాడి చెయ్యీ ముందు గుంపు మీదికే పోతుంది. ఒళ్ళు మండిపోయే సంగతి అదీ.

నాలుగింటికి జేజేల సీను వచ్చింది. రికార్డింగు ఎర్రదీపం వెలగగానే గుంపత్త చెయ్యెత్తింది. ఎనిమిది గొంతులూ కప్పు ఎగిరిపోయేలా లేచాయి. తెరమీద వీరుడు దిగాడు, దుమ్ము రేగింది. గోడ పక్కన ముసలమ్మ తల తిప్పుతుండగా గుంపత్త గీత దాటి మైకు దగ్గరికి నడిచి, చెయ్యి దించింది. ఏడుగురూ టక్కున ఆగిపోయారు. ఆ చెయ్యి దిగితే ఆగడం తప్ప వాళ్ళ గొంతులకి ఇంకో అలవాటు లేదు. ముసలమ్మ పెదాలు విడివడగానే గుంపత్త అరవకుండా, తన మామూలు బొంగురు గొంతుతో అడిగేసింది. ఆ పెదాలు మూతపడేసరికి వాక్యం పూర్తయింది. వెనక్కి వచ్చి మళ్ళీ చెయ్యెత్తింది. జేజేలు మళ్ళీ మొదలయ్యాయి.

సీను అయిందో లేదో ఇన్‌ఛార్జి ఒక్క పరుగున లోపలికి వచ్చాడు. "ఎవరు చెప్పమన్నారు? ఆ ముక్క తీసెయ్యవయ్యా!" అని అద్దం వెనకున్న సౌండ్ ఇంజనీరు మీద అరిచాడు.

"తీస్తే జేజేల మధ్య గొయ్యి పడుతుందండీ. మొత్తం మళ్ళీ చెప్పించుకోవాలి," అన్నాడు ఇంజనీరు తలెత్తకుండా.

"అయితే చెప్పండి, కానివ్వండి!"

ఎప్పుడూ పోలీసులకి గొంతిచ్చే పెద్దాయన ముందుగా దగ్గి, "గొంతు పోయిందండీ," అన్నాడు. పక్కనున్న అమ్మాయి "నాకూ!" అంది. అంత స్పష్టంగా అనకూడదని గుర్తొచ్చి, మళ్ళీ గుసగుసగా "నాకూ," అంది. నిమిషంలో ఏడు గొంతులూ మూగబోయాయి.

సాయంత్రానికల్లా సినిమా పంపెయ్యాలి. ఇన్‌ఛార్జి మొహం కందగడ్డలా అయింది. "సరే, ఉండనివ్వండి. కానీ అత్తా, రేపట్నించి మీరు రానక్కర్లేదు."

"రాను బాబూ. చెప్పాల్సింది చెప్పేశాగా."

గుంపత్త తల దించలేదు. సంచీలోంచి చిన్న డబ్బా తీసి, ఏడుగురి చేతుల్లోనూ తలో పటికబెల్లం పలుకూ పెట్టింది. "గొంతు నొప్పన్నారుగా. నవ్వకుండా చప్పరించండి." అమ్మాయి చెంప నిమిరి, చెప్పులేసుకుని బయటికి నడిచింది. ఆ థియేటరు తలుపు చప్పుడు చెయ్యదు.

మైకు పక్క బల్లమీద ఆమె వదిలేసిన డబ్బా మూత తెరిచే ఉంది, లోపల ఇంకో పది గొంతులకి సరిపడా పటికబెల్లంతో.