సూదులు పీకేసిన పటం

నేను ఒక జిల్లా పటాన్ని. గుడ్డ అతికించిన దళసరి కాగితం, పైనా కిందా చెక్క బద్దలు. మొదట ఒక బడిలో ఉండేదాన్ని. మాస్టారి బెత్తం దెబ్బలు పిల్లలకంటే నాకే ఎక్కువ తగిలాయి. ఆ బడి మూతపడ్డాక ల్యాబ్ టెక్నీషియన్ పుష్పలీల నన్ను పెద్దాస్పత్రికి తెచ్చి, తన బల్ల ఎదుట చెక్కకు బిగించింది.

ఆవిడ పని చీముతో. పుండులోని స్టాఫ్ అనే సూక్ష్మజీవిని పెంచి, ఏ మందుకు చస్తుందో, దేనికి చావదో చూసేది. మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగని రోగి దొరికితే అతని ఊరు వెతికి నామీద ఎర్ర గుండుసూది గుచ్చేది. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఆరు నెలలకు చూస్తే సూదులన్నీ ఉప్పుటేటి పక్కన, రొయ్యల చెరువుల వెంటే గుంపుకట్టాయి. దాంతో నా కోపం ఆవిడ మీదనుంచి అటు మళ్ళింది.

గుట్టు విప్పినవాడు గుల్లలంక ఏసోబు, చెరువు కూలీ. వేలికి రొయ్య ముల్లు గుచ్చుకుని పుండైతే, చివరికి కుడిచెయ్యి మోచేతి దాకా తీసేశారు. ఏం మందు వాడావని పుష్పలీల అడిగింది.

"రొయ్యల తెగులుకేసే పొడేనండీ. మా గట్టుమీద అందరం అదే అద్దుకుంటామండి. అంత ఖరీదైన రొయ్యే బతుకుతుంటే మనిషి బతకడా అనుకున్నానండి."

మనుషుల తెలివి ఇలాగే ఉంటుంది. రొయ్యకు జబ్బు చేస్తే డాక్టరు కారులో వస్తాడు. కూలీకి జబ్బు చేస్తే రొయ్య మందులో మిగిలిన చిటికెడు వస్తుంది. ఆ పొడీ యాంటీబయాటికే; ఆ చిటికెళ్ళకే స్టాఫ్ రాటుదేలింది. ఇప్పుడు ఏసోబు భార్య మరియమ్మ మోకాలిమీదా గడ్డ లేచింది. వెంటనే ఎవరైనా చెరువులకు వెళ్ళాలని పుష్పలీల ఉత్తరం రాసింది.

సూపరింటెండెంటుగారు ఉత్తరం పక్కన పెట్టారు. "రేపు తనిఖీకొస్తున్నారమ్మా. ఇదంతా మన ఆస్పత్రికే అంటగడతారు. ఆ సూదులు పీకెయ్."

ఆవిడ ఒక్కొక్కటే పీకి డబ్బాలో వేసింది. నాకైతే రక్తం మరిగిపోయింది. అంతటితో ఊరుకున్నారా? అద్దం పగిలిన తూర్పు కిటికీ కనబడకూడదని నన్ను విప్పి దానికి అడ్డంగా వేలాడదీశారు.

మర్నాడు పొద్దున్నే తనిఖీ అధికారిణి వచ్చింది. ఎండ నా వెనకనుంచి కొట్టింది. ప్రతి చిల్లూ వెలిగింది.

"ఈ చిల్లులేమిటి?"

"చెదలండీ. పాత పటం," అన్నారు సూపరింటెండెంటుగారు.

"చెదలు ఉప్పుటేటి గట్టు పట్టుకునే నడిచాయా?"

పుష్పలీల ముందుకొచ్చి అంతా చెప్పింది. సూపరింటెండెంటుగారు చెమట తుడుచుకున్నారు. నేను మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ లేనంత నిటారుగా వేలాడాను.

రెండు రోజుల్లో వైద్యులు చెరువులకు వెళ్ళారు. గట్లమీది పొడి డబ్బాలు తాళం వేసిన గదుల్లోకి పోయాయి. మరియమ్మకు వేళకు సరైన మందు పడింది, కాలు నిలిచింది. నన్ను మళ్ళీ చెక్కకు బిగించారు.

భార్యను ఇంటికి తీసుకెళ్ళేరోజు ఏసోబు నా ముందు ఆగాడు. "ఇందులో నా చిల్లేదండీ?"

పుష్పలీల వేలుపెట్టి చూపించింది.

"సూది ఇటివ్వండి. ఈసారి ఎవడు పీకుతాడో చూస్తానండి."

ఎడమచేత్తో, చెక్కలోకి దిగేలా గుచ్చాడు. నేను కిక్కురుమనలేదు.