గుమ్మం పక్క కొక్కెం

మా అమ్మాయిని రాజుగారబ్బాయి చేసుకుంటానన్నాడని తెలిసిన దగ్గర్నుంచీ వీధంతా నన్ను ఒకటే అడుగుతోంది, చిన్నప్పుడు ఎలా ఉండేదని. ఎలా ఉంటుంది? జేబులు వెతుకుతూ ఉండేది. మాది లాండ్రీ. బట్టలు నీళ్ళలో పడేముందు జేబులు చూడాలి. చూడకపోతే ఒక్క పెన్ను చాలు, తొట్టెడు తెల్లచొక్కాలు తగలడిపోవడానికి. చిన్న చేతులకు ఆ పని బాగా వస్తుందని దానికి అప్పగించాను, నా బుద్ధి గడ్డి తిని.

పని బాగానే చేసేది. నోరే ఊరుకునేది కాదు. ఈ తాళంచెవి ఏ తలుపుది, ఈ గులకరాయి ఎందుకు దాచుకున్నారు అంటూ ప్రాణాలు తోడేసేది. దొరికినవి చిన్న సంచిలో వేసి, మారు మాట్లాడకుండా తిరిగిచ్చెయ్యాలన్నది మా కట్టుబాటు. దానికి ఏడేళ్ళప్పుడు ఒక మాస్టారి కోటులో రెండు సినిమా టికెట్లు దొరికాయి. కోటు కోసం ఆయన భార్య వస్తే, "సినిమా బాగుందా అండీ?" అని అడిగింది. ఆవిడ వెళ్ళి ఉంటేగా! ఆ ఇంటి బట్ట మళ్ళీ మా గడప తొక్కలేదు. మా ఆయన పడీపడీ నవ్వాడు. నేను దానికి తొడపాశం పెట్టాను.

పెళ్ళి ఖాయం చేసేముందు ఇల్లూ పిల్లా ఎలాంటివో చూసి రమ్మని రాజభవనం నుంచి ఒక పెద్దావిడను పంపారు. ఆవిడ సరేనంటేనే సంబంధం. "అడిగినదానికే జవాబు చెప్పవే. నువ్వేమీ అడగకు, నీకు పుణ్యముంటుంది" అని అమ్మాయిని ముందే బతిమాలుకున్నాను.

ఆవిడ నిటారుగా వచ్చింది. కోటు విప్పి గుమ్మం పక్క కొక్కేనికి తగిలించింది. అక్కడే మా కొంప మునిగింది. ఆ కొక్కేనికి ఏది తగిలిస్తే అది ఉతుకుడుకే, మొదట్నుంచీ అంతే. మేమిద్దరం ముందుగదిలో టీ తాగుతుండగానే, మా ఆయన అలవాటు కొద్దీ దాన్ని వెనక్కి పట్టుకుపోవడం, అక్కడున్న అమ్మాయి జేబులు చూడడం, ఆయన నీళ్ళలో ముంచెయ్యడం, అన్నీ అయిపోయాయి.

అమ్మాయి సంచి పట్టుకుని వచ్చింది. "అమ్మా, ఈ కోటెవరిదే?"

"నాదే" అంది పెద్దావిడ.

"అయ్యో, తడిపేశామండీ!" అని సంచి ఆవిడ చేతికిచ్చింది. అంతటితో ఊరుకోవచ్చుగా! "ఇందులో గుండీ మీ కోటుది కాదండీ. ఎవరిది?"

అయిపోయింది, సంబంధం గంగలో కలిసిందనుకున్నాను. అమ్మాయిని చూపులతోనే చంపాను. అది నన్ను చూస్తేగా! ఏడేళ్ళప్పటి కళ్ళేసుకుని ఆవిడ వంకే చూస్తోంది.

ఆవిడ గుండీని అరచేతిలో తిప్పింది. "మా ఆయనది. ఆయన పోయాక బట్టలన్నీ ఎవరికో ఇచ్చేశారు. ఇది మంచం కింద దొరికింది. అప్పట్నుంచీ జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాను. తీసి తీసి చూసుకోవడం అందరూ చూశారు, ఒక్కరూ అడగలేదమ్మా. అక్కడ ఎవరూ ఏమీ అడగరు."

"ఆయన ఎలా ఉండేవారండీ?" అంది మా అమ్మాయి, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.

ఇంకేముంది, టీ చల్లారిపోయింది. ఆయన చెట్టంత మనిషట, పిల్లిని చూస్తే మాత్రం కుర్చీ ఎక్కేసేవాడట. చెబుతూ ఆవిడ నవ్వింది, ఏడ్చింది. నేనూ ముక్కు చీదుకున్నాను.

నా శాలువా కప్పుకుని బయల్దేరుతూ ఆవిడ గుమ్మంలో ఆగింది. "కోటు ఆరాక మీ అమ్మాయి చేతే పంపించండి. ఆ ఇంటికి దారి అలవాటవ్వాలిగా."

మర్నాడు ఆ కోటు ఇస్త్రీ చేస్తున్నంతసేపూ నా కళ్ళు ఆగలేదు.

"ఏడుస్తున్నావా అమ్మా?"

"ఆవిరే, పో."

"ఆవిరి కాదు. ఎందుకూ?"

ఈసారి తొడపాశం పెట్టలేదు. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను.