నా వీపు వెనకే

మా ఉక్కు కర్మాగారం ఊళ్ళో స్కూలు జట్టు కోచ్ స్ట్రంక్ పరీక్ష అందరికీ తెలిసిందే. తలకు దెబ్బ తగిలినవాడికి వేళ్ళు చూపిస్తాడు, ఎన్నని అడుగుతాడు. ఎప్పుడు చూపించినా రెండే. ఆ శనివారం మధ్యాహ్నం ఆటలో తలకు దెబ్బ తగిలిన రాయ్ డూడెక్ కూడా "రెండు" అన్నాడు, మళ్ళీ మైదానంలోకి వచ్చాడు. ఈ మాత్రం పరీక్షకు ఆ వేళ్ళు కూడా దండగే.

బంతి చంకన పెట్టుకుని పరుగెత్తే మా ఫుట్‌బాల్‌లో మైలో కోవాచ్ పని ఎదుటివాళ్ళను నెట్టి నడుమ దారి చేయడం. ఆ దారిన బంతితో దూసుకుపోయేవాడు రాయ్. ఒకటో తరగతి నుంచీ ఇద్దరిదీ ఒకే బెంచీ. ఆ రోజు కాలేజీవాళ్ళు రాయ్‌ని చూడ్డానికే వచ్చారు. ఆట నచ్చితే డబ్బు కట్టకుండా కాలేజీ చదువు, లేకపోతే తండ్రిలాగే కొలిమి దగ్గర పని.

మైదానంలోకి రాగానే రాయ్, మైలో చెవిలో గుసగుసగా అడిగాడు. "ఒరేయ్, ఇవాళ ఎవరితోరా ఆట?"

మైలో వాడికేసి తిరిగాడు. "వేళాకోళమా?"

"కాదురా. నేర్చుకున్న ఎత్తులు ఒక్కటీ గుర్తు రావట్లేదు. కోచ్‌కి చెప్పకు, నీకు దండం పెడతా."

చెబితే రాయ్‌ని బయట కూర్చోబెడతారు, కాలేజీవాళ్ళు కారెక్కి పోతారు. అందుకని మైలో తెలివి ఉపయోగించాడు. తెలివా అది, బుద్ధి గడ్డి తినడం గాని! విరామంలో కోచ్ దగ్గరకు వెళ్ళాడు.

"సార్, ఎదుటివాళ్ళు నడుమ మెత్తగా ఉన్నారు. రాయ్‌ని అటే పంపండి."

"వాడు బాగానే ఉన్నాడా?"

"గుండ్రాయిలా ఉన్నాడు సార్."

నడుమ పరుగుకు గుర్తుపెట్టుకునేదేమీ లేదు. కుడి లేదు, ఎడమ లేదు. "నా వీపు వెనకే వచ్చెయ్, చాలు," అన్నాడు రాయ్‌తో. కాని బరువైనవాళ్ళంతా కాచుకుని ఉండేదీ అక్కడే. రోజూ వాళ్ళతో కుమ్ములాడే మైలోకు ఆ సంగతి తెలియదా? తెలుసు. తన ఒళ్ళు అడ్డం పెడితే చాలనుకున్నాడు, పిచ్చివాడు.

పదకొండుసార్లు వెళ్ళాడు రాయ్. ప్రతిసారీ నాలుగైదు గజాలు, ప్రతిసారీ తలకు తల ఢీ. జనం పేరు పెట్టి అరిచారు. పన్నెండోసారి అవతలి చివరి గీత దాటి పడ్డాడు, ఊరు గెలిచింది. మీద పడ్డవాళ్ళంతా లేచారు, రాయ్ లేవలేదు.

మూడు వారాలకు కళ్ళు తెరిచాడు గాని తల్లిని కూడా పోల్చుకోలేదు. సీటిస్తామన్న కాలేజీ ఉత్తరం మంచం పక్కనే ఉంది.

ఆస్పత్రి వరండాలో రాయ్ తల్లి వాండా మైలో చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"చివరిదాకా వాడి పక్కనున్నది నువ్వే నాయనా. ఒక్కటి చెప్పు. అంతకుముందే ఏమైనా అయిందా, లేక ఆ ఆఖరి దెబ్బేనా?"

ఆఖరి దెబ్బే అంటే సరిపోయేది. ఆవిడ ఏడ్చి ఊరుకునేది.

"మొదటి దెబ్బకే అయిందాంటీ. ఎవరితో ఆడుతున్నామో కూడా వాడికి తెలియలేదు. నాకు తెలుసు. నడుమ నుంచి పంపమన్నది నేనే."

కొడుక్కి సూప్ తాగించే వేళయింది. వాండా మైలో చెయ్యి వదిలేసి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.