ఎర్రబడ్డ అంకె

"మా ఆవిడ ఏదో కెలికిందండి," అన్నాడు రూబెన్.

వంటింట్లో కొరమీను ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టిస్తున్న విక్టోరియాకి ఆ మాట శుభ్రంగా వినబడింది.

తాడేపల్లిగూడెంలో వాళ్ళ ఇంటి ముందుగదే కంప్యూటర్ల షాపు. బోర్డు మీద రూబెన్ పేరుంటుంది. వచ్చినవాడు గణపవరం నుంచి క్రాంతి కుమార్, పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. వాళ్ళ బావ సిస్టం ఇక్కడే స్పీడు పెంచారని విని, ముహూర్తాల రోజులు కదా, తనదీ పెంచమని పోయిన వారం తెచ్చాడు. పెంచింది విక్టోరియా. పుట్టింట్లో డిగ్రీ ముఖం చూసిన మొదటి మనిషి ఆమే, బీఎస్సీ కంప్యూటర్స్. కంప్యూటర్ మూల సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్ళి ప్రాసెసర్ వేగం ఒక మెట్టు పెంచడం, దానికి సరిపడా వోల్టేజీ ఇవ్వడం, టెస్టు పెట్టి వేడి ఎంతకెళ్తుందో చూడటం, ఆగిపోతే మళ్ళీ మొదటికి రావడం, ఇదంతా అన్నం ఉడికేలోపు, బట్టలు ఆరేసి వచ్చేలోపు ఆమె చేసే పని. ఎవరైనా షాపులోకొస్తే మాత్రం లేచి లోపలికెళ్ళాలి. "నువ్విక్కడ కూర్చుంటే నాకు రాదనుకుంటారు," అని పెళ్ళయిన కొత్తలోనే రూబెన్ చెప్పాడు, నవ్వుతూనే. ఆదివారం సంఘంలో అత్తగారు దానమ్మ సాక్ష్యం చెప్పేది: "మా అబ్బాయి చేతుల్లో దేవుడు జ్ఞానం పెట్టాడండి." అందరితోపాటు విక్టోరియా కూడా స్తోత్రం అనేది. అందులో అబద్ధం ఉందని తోచేది కాదు. కూర ఎవరు వండారో ఎవరడుగుతారు, ఇదీ అంతే అనుకునేది.

క్రాంతి సిస్టం అప్పగించబోయే ముందు ఒకసారి ఆగిపోయింది. వేగం కాస్త తగ్గిద్దామంది విక్టోరియా. రూబెన్ కొల్లేరు చేపల చెరువుల మధ్య పెరిగినవాడు. అక్కడ లో వోల్టేజీ వస్తే నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగిపోతాయి, చేపలు ఊపిరాడక తేలిపోతాయి. అందుకే ఏది ఆగినా కరెంటు చాలలేదనే అతనికి తోస్తుంది. "లో వోల్టేజీయే. కొంచెం పెంచితే అదే పరిగెడుతుంది," అని మెమొరీ వోల్టేజీ 1.35 ఉన్నదాన్ని 1.8 చేశాడు. తెర మీద అంకె ఎర్రబడింది.

"ఏవండీ, ఎరుపొచ్చిందంటే పెంచొద్దని అర్థమండి."

"నువ్వెళ్ళి టీ పెట్టు."

పెట్టింది. ఇప్పుడా మెమొరీ కాలిపోయి సిస్టం తిరిగొచ్చింది.

"ఆడాళ్ళని చెయ్యి పెట్టనిస్తే ఇంతేనండి. నాదే తప్పు," అంటున్నాడు ముందుగదిలో.

దానమ్మ వంటింటి గుమ్మంలోకొచ్చి గొంతు తగ్గించింది. "నీ మీదేసుకో అమ్మా. ఆడి పేరు పోకూడదు కదా. నీకేముంది పోవడానికి?"

నిజమే, ఏముంది? బాగుపడిన పని ఇన్నాళ్ళలో ఒక్కటీ ఆమెది కాలేదు. ఇది విక్టోరియా చేసిందని ఈ షాపులో మొట్టమొదటిసారి పైకి చెప్పిన పని, ఆమె చెయ్యనిది. కోపం రాలేదు. నిమ్మచెక్కతో చేతుల నీచువాసన కడుక్కుని ముందుగదిలోకి నడిచింది.

"కూర్చోండి క్రాంతి గారూ."

సిస్టం విప్పి మదర్‌బోర్డు మీది బ్యాటరీ తీసి పాత సెట్టింగులు చెరిపేసింది. వేరే మెమొరీ పెట్టి ఆన్ చేసి, ప్రాసెసర్ అంకెలు మళ్ళీ తనవే వేసింది. సిస్టం తెరుచుకుంది.

"ప్రాసెసర్ సెట్ చేసింది నేనండి. అది బాగానే ఉంది. మెమొరీ వోల్టేజీ ఈయన పెంచారు. కాలింది అదే."

రూబెన్ నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు.

"మరి మా బావది చేసింది కూడా మీరేనా మేడమ్?" అన్నాడు క్రాంతి.

"నేనేనండి."

బయోస్‌కి పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, అది తెలియనివాళ్ళు అంకెలు మార్చలేరు. ఇన్నేళ్ళలో ఎవరి సిస్టానికీ పెట్టలేదు. ఇవాళ పెట్టింది. అదేంటో ఒక చీటీ మీద రాసి, కింద తన ఫోన్ నంబరు వేసి, మడిచి క్రాంతి చేతికిచ్చింది.

"ఏది మార్చాలన్నా ముందు నన్నడగండి."

"మరి నాకు?" అన్నాడు రూబెన్, మెల్లగా.

"మీరూ అడగండి," అంది విక్టోరియా.