మామగారి కారులో కరెంటు దొంగ

మామగారి పాత కారు మూడు రోజులకోసారి మొరాయిస్తోంది. కొత్త బ్యాటరీ వేయించినా అదే వరస.

"ఈ ఆదివారం స్టార్టయితే సరి, లేకపోతే పాత ఇనుము కొట్టుకే. కంటి ఆపరేషనయ్యాక నువ్వెలాగూ నడపకూడదు కదా నాన్నా," అని పెద్దబ్బాయి తేల్చి చెప్పాడు. ముప్పయ్యేళ్లు లారీ తోలిన మనిషి, ఆ మాటకి కంచం ముందు నుంచి లేచిపోయారు. చిన్నకోడలికి ప్రాణం చివుక్కుమంది. ఊళ్లోవాళ్ల బళ్లకి కరెంటు పని చేసిపెట్టే తను, ఇంటి బండిని తుక్కుకి పోనిస్తుందా!

శనివారం పొద్దున్నే బ్యాటరీ తీగ విప్పి మధ్యలో మీటరు పెట్టింది. అన్నీ ఆపేసిన బండిలో ముల్లు సున్నా దగ్గర పడుకోవాలి. ఇది కాస్తా లేచి కూర్చుంది.

"ఎవరో కరెంటు తాగేస్తున్నారు మామయ్యా."

"నేనైతే కాదమ్మా," అన్నారాయన బుద్ధిగా.

తలుపు తెరిస్తే లోపలి లైటు వెలిగి లెక్క తప్పుతుంది. అందుకని కిటికీలోంచి నడుం దాకా దూరి ఫ్యూజులు ఒక్కొక్కటే పీకసాగింది. బానెట్ దగ్గర ముల్లుకి మామగారు కాపలా.

"హారను తీశాను. ఏమైనా కదిలిందా?"

"ఊహూఁ."

"రేడియో?"

"చలనం లేదు."

ఏడోది పీకగానే "పడింది! పడింది!" అని ఆయన వేసిన కేకకి అత్తగారు పరుగున వచ్చి, ఎందుకో గుమ్మంలోనే ఆగిపోయారు.

అది లోపలి చిన్న దీపాల ఫ్యూజు. దాన్ని తిరిగి పెట్టి చూస్తే పైన లైటు ఆరే ఉంది, డిక్కీలోదీ అంతే. ఇక మిగిలింది డాష్‌బోర్డు అర. అర మూత సందులో వేలు దూర్చింది. బల్బు చురుక్కుమంది. మూత పూర్తిగా పడితేగాని ఆ దీపం ఆరదు. దాన్ని పడనివ్వని వస్తువును బయటికి లాగింది. బండి నడపడం నేర్పే లావుపాటి పుస్తకం! పేజీల మధ్య గుర్తుగా అత్తగారి జడపిన్ను.

అత్తగారి గుట్టు రట్టయింది.

"మధ్యాహ్నం ఈయన గుర్రు పెడుతుంటే బండిలో కూర్చుని చదువుకుంటున్నానే. గేర్లు కూడా వేసి చూస్తున్నా. ఈయన్ని పక్కన కూర్చోబెట్టుకుని తిప్పుదామని. నవ్వుతారేమోనని దాచాను."

మామగారు నవ్వలేదు. తడమొద్దని డాక్టరు చెప్పిన కంటినే గబగబా తుడుచుకున్నారు.

ఆదివారం పెద్దబ్బాయి వచ్చేసరికి తాళం ఒక్క తిప్పుకే బండి అందుకుంది. స్టీరింగు వెనక అమ్మ! పక్క సీట్లో, తను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, నాన్న!

"అమ్మా, నువ్వా?" అని నోరు వెళ్లబెట్టాడు.

"పక్కకి తప్పుకోరా. గేటు దాకా వెళ్లొస్తాం," అన్నారు మామగారు.

బండి రెండు గెంతులు గెంతి ఆగిపోయింది. అత్తగారు బిక్కమొహం వేశారు. లారీ క్లీనర్లని తిట్టి తిట్టి అరిగిన మామగారి గొంతు ఎన్నడూ లేనంత మెత్తబడింది.

"క్లచ్చి మెల్లగా వదులు. కంగారేం లేదు, మళ్లీ తిప్పు. బ్యాటరీ బోలెడుంది."